ఫొటోగ్రఫీనే వృత్తిగా పెట్టుకుంటే కాలేజీలో ఏం చదవాలి?

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం. పన్నెండో తరగతి చదువుతున్నాను, పరీక్షలు దగ్గరపడ్డాయి. ఫొటోగ్రఫీనే బతుకుదెరువు చేసుకోవాలని గట్టిగా ఉంది. ఇంట్లో కాదనడం లేదు, కానీ ఏదో ఒక డిగ్రీ చేతిలో ఉండి తీరాలన్నది అమ్మ పట్టు. ఫొటోగ్రఫీలోనే డిగ్రీ చేయాలా, జర్నలిజం చేయాలా అని ఊగిసలాడుతున్నాను. రేపు సొంతంగా పనిచేసుకుంటే లెక్కాపత్రం తెలియాలి కాబట్టి కామర్స్ తీసుకోమని నాన్న అంటున్నారు. అడిగిన ప్రతివారూ తలో మాట చెబుతున్నారు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఏమంటారో వినాలని ఇక్కడ అడుగుతున్నాను.

రాత్రిపక్షి:
డిగ్రీతో పనిలేదు చెల్లీ. పెళ్లిళ్లు, ఫంక్షన్లు, అప్పుడప్పుడు పత్రికల పని చేస్తుంటాను. ఇంతవరకూ నన్ను ఎవరూ సర్టిఫికెట్ చూపించమనలేదు. పోర్ట్‌ఫోలియో, అంటే మనం తీసినవాటిలో ఎంచిపెట్టుకున్న ఫొటోలు చూస్తారు, పోయినసారి ఎవరికి తీశావని అడుగుతారు, ఫొటోలు చెప్పిన రోజుకి ఇస్తావా లేదా అని వాకబు చేస్తారు. అంతే.
పెద్ద పెద్ద ఫొటోగ్రాఫర్ల సంగతే చూడు. సెబాస్టియావ్ సాల్గాడో చదివింది ఎకనామిక్స్. రఘు రాయ్ సివిల్ ఇంజినీరింగ్. ఆన్సెల్ ఆడమ్స్ పియానో వాద్యకారుడు కావాలని ఏళ్ల తరబడి సాధన చేసినవాడు. వీళ్లెవరికీ ఫొటోగ్రఫీ డిగ్రీ లేదు. ఆ మూడు నాలుగేళ్లు మంచి ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా ఉంటే లైటు ఎక్కడ పెట్టాలో, క్లయింటుతో ఎలా మాట్లాడాలో రెండూ వస్తాయి. డిగ్రీ కట్టుకుని కూర్చుంటే మొదటిది మాత్రమే వస్తుంది.

చదువరి:
రాత్రిపక్షి గారూ, మీరు చెప్పిన పేర్లన్నీ నిజమే. కానీ సాల్గాడో ఉదాహరణ మీ వాదనకు బలం ఇవ్వదనిపిస్తోంది. ఆయన ఎకనామిక్స్‌లో పైచదువు పూర్తిచేసి అంతర్జాతీయ కాఫీ సంస్థలో ఉద్యోగం చేశాడు. ఆ పని మీద ఆఫ్రికా వెళ్లినప్పుడే ఫొటోల మీద మనసు పడి, 1973లో ఉద్యోగం వదిలేశాడు. ఆ తర్వాత జీవితమంతా తీసింది ఏమిటి? కూలీలు, వలసలు, కరువు. 1986లో బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గనిలో తీసిన ఫొటోలు చూడండి. బురద మూటలు భుజాన వేసుకుని వేలమంది నిచ్చెనలు ఎక్కుతుంటారు. ఆ గుంపును చూసి వింతపోయేవాళ్లు చాలామంది ఉంటారు. అందులో శ్రమకు విలువ కట్టే తీరు కనబడేది ఆ శాస్త్రం చదివినవాడికి. డిగ్రీని ఆయన పక్కన పడేయలేదు, కెమెరాలో పెట్టుకుని తిరిగాడు.
ఆడమ్స్ కూడా అంతే. నెగటివ్ అంటే స్వరలిపి, ప్రింటు అంటే కచేరీ అనేవాడు. ఆ మాట సంగీతం నేర్చినవాడికే తడుతుంది. పైగా శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక కళాశాలలో 1940ల్లో ఫొటోగ్రఫీ విభాగాన్ని మొదలుపెట్టింది ఆయనే. చదువు దండగనుకునే మనిషైతే ఆ పని చేసేవాడా?

స్టూడియోమనిషి:
నేను ఫొటోగ్రఫీలోనే డిగ్రీ చేసినవాణ్ని. ఇప్పుడు నగలు, సీసాలు, గడియారాలు తీస్తాను. అమ్మా, ఆ డిగ్రీ వల్ల ఏం వచ్చిందో ఒక్క సంగతి చెబుతాను, నువ్వే తేల్చుకో.
రెండో ఏడాదిలో మాకు గాజు గ్లాసు ఇచ్చి తీయమన్నారు. ఎవరెంత లైటు వేసినా గ్లాసు మీద తెల్లటి మచ్చలే గానీ దాని ఆకారం రాదు. గాజుకు లైటు వేయకూడదు, దాని వెనక ఉన్నదానికి వేయాలి. వెనక తెల్లటి నేపథ్యాన్ని వెలిగించి, ఫ్రేములో పడకుండా గ్లాసుకు రెండు పక్కలా నల్ల అట్టలు నిలబెడితే, అంచుల వెంట సన్నటి నల్లగీత వచ్చి గ్లాసు రూపం తేలుతుంది. నల్లటి నేపథ్యం పెట్టి దాని వెనక నుంచి పక్కల మీదుగా లైటు వచ్చేలా చేస్తే అంచులు తెల్లగా మెరుస్తాయి. వారమంతా అదే గ్లాసు, అదే బల్ల. అట్టను అంగుళం జరిపితే గీత ఎంత లావవుతుందో చూస్తూ ఉండడమే పని. బయట ఏ స్టూడియోలోనూ అసిస్టెంటుకి ఒకే గ్లాసు మీద వారం ఇవ్వరు. సాయంత్రానికి నలభై వస్తువులు అయిపోవాలి.
లైటును ఒక మీటరు నుంచి రెండు మీటర్లకు జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుందని అందరూ పుస్తకంలో చదువుతారు. చేత్తో చేసి చూసి, కొలిచి, మళ్లీ చేసే తీరిక దొరికేది కాలేజీలోనే.

రాత్రిపక్షి:
సార్, మీ గ్లాసు సంగతి బాగుంది. స్టూడియోలో బల్ల మీద తీసే పనికి అది అవసరమే, ఒప్పుకుంటాను. కానీ అందరూ ఆ పనికి రారు కదా. మనుషుల మధ్య తీసేవాడికి ఆ వారం మనుషుల మధ్య గడవాలి.

వెలుగునీడ:
నేను ఫొటోగ్రఫీ పాఠాలు చెబుతాను, కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతుంది. అయినా చెబుతాను.
కెమెరా వాడడం నేర్చుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు. అది కొన్ని నెలల పని, ఇప్పుడు ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు. కాలేజీలో దొరికేది, బయట దొరకనిది, నీ ఫొటోలను బల్ల మీద పరిచి పదిమంది నిర్మొహమాటంగా మాట్లాడే గంట. ఇంట్లోవాళ్లు బాగుందంటారు. సోషల్ మీడియాలో హృదయం గుర్తు పెడతారు. క్లాసులో మాత్రం, "ఈ ఫొటో నీకెందుకు ఇష్టం? తీసేటప్పుడు కష్టపడ్డావనా, లేక ఇందులో నిజంగా ఏమైనా ఉందా?" అని అడుగుతారు. మొదటి ఏడాది పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. మూడో ఏడాదికి వచ్చేసరికి, ఇరవై ఫొటోల్లో పద్నాలుగు తీసేసి ఆరింటిని ఏ వరసలో పెట్టాలో వాళ్లే చెప్పగలుగుతారు. ఎడిటర్లు, గ్యాలరీలవాళ్లు చూసేది ఆ ఎంపికనే.
జర్మనీలోని డుస్సెల్‌డార్ఫ్ కళాశాలలో బెర్న్‌డ్ బెషర్ అనే ఫొటోగ్రాఫర్ 1976లో ఫొటోగ్రఫీ పాఠాలు మొదలుపెట్టారు. ఆయన దగ్గర చదివి పేరు తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్లలో ఆంద్రెయాస్ గుర్స్కీ, థామస్ స్ట్రూత్, థామస్ రూఫ్, కాండిడా హోఫర్ ఉన్నారు. ఒకే గదిలో నుంచి ఇంతమంది వచ్చారంటే గురువు గొప్పతనం ఒక్కటే కారణం కాదు. పక్కనున్నవాడు నిన్నటికన్నా మంచి ఫొటో తెచ్చినప్పుడు మనం ఊరుకోలేం.
సరే, చిగురూ, డిగ్రీ సంగతి పక్కన పెట్టు. ఈ ఏడాదిలో నువ్వు తీసినవాటిలో నీకు బాగా నచ్చిన ఇరవై ఫొటోలు ఎంచు. వాటిలో ఏముందో ఇక్కడ రాయి. బాగున్నాయా లేదా అని కాదు. వాటిలో ఏముంది, అంతే.

కొత్తచిగురు:
మేడమ్, రాత్రంతా కూర్చుని ఎంచాను. ఇరవైలో పద్నాలుగు పురుగులే! తూనీగలు, కందిరీగలు, గొల్లభామ, ఆకు కింద గుడ్లు. నాలుగు ఫొటోలు చేతిపని చేసేవాళ్లవి. మిగతా రెండూ వాన పడ్డాక నీటి మడుగులు. ఇన్ని పురుగులు ఉన్నాయని నేనే గమనించలేదు. పోర్ట్రెయిట్లు తీస్తానని అందరికీ చెప్పుకుంటున్నాను, ఇరవైలో ఒక్క ముఖం కూడా లేదు.

నీలికొండ:
ఇంకేం, జీవశాస్త్రం చదువు తల్లీ. కీటకశాస్త్రం ఉన్న చోట దొరికితే ఇంకా మంచిది.
నేను ఆ చదువే చదివి ఫొటోలవైపు వచ్చాను. మాక్రోలో, అంటే చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే పనిలో, కెమెరా కన్నా ముందు పురుగు తెలియాలి. తూనీగకు ఎగిరే కండరాలు వేడెక్కితే గానీ లేవలేదు. అందుకే తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మంచు బిందువులతో గడ్డిపరక మీద కదలకుండా దొరుకుతుంది. ఎండ ఎక్కాక దాని వెంట పరుగెత్తినా లాభం లేదు. మగ తూనీగ ఎగిరిపోయినా చాలాసార్లు తిరిగి అదే పుల్ల మీదకు వస్తుంది. ఆ పుల్లకే ఫోకస్ పెట్టుకుని కూర్చోవాలి. పిల్ల దశ అంతా నీళ్లలోనే గడుపుతుంది కాబట్టి, కాడ మీద అది విడిచిన ఖాళీ పొర అతుక్కుని కనబడితే, ఆ కాడల దగ్గర మర్నాడు పెందలాడే మరొకటి బయటికి రావచ్చు. ఇవి ఫొటోగ్రఫీ క్లాసులో చెప్పరు.
ఇక కెమెరా లెక్క. పాత 35 ఎంఎం ఫిల్ము గడి అంత ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ మీద పురుగు అసలు సైజులోనే పడేలా తీస్తే, ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్8 దగ్గర ఉన్నప్పుడు పదును ఉండే లోతు మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఎపర్చర్ ఇంకా మూస్తే లోతు పెరుగుతుంది గానీ డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రం దాటేటప్పుడు వెలుగు చెదరడం) వల్ల బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. కాబట్టి ఆ ఒక్క మిల్లీమీటరు దేనికివ్వాలో నిర్ణయించుకోవాలి. అందం కోసమైతే కంటికి. జాతి గుర్తుపట్టడానికైతే రెక్క నరాలకు, అంటే సెన్సారుకు సమాంతరంగా రెక్క ఉండాలి. కొన్ని జాతుల్లో మగదాని తోక చివర ఉన్న కొక్కేలు చూస్తే గానీ తేలదు. ఏది పట్టాలో తెలిసినవాళ్ల ఫొటో పరిశోధకుడికి, మ్యూజియానికి, జాతులు గుర్తుపట్టడానికి వాడే క్షేత్రదర్శిని పుస్తకానికి, పత్రికకు అన్నిటికీ పనికొస్తుంది. తెలియనివాళ్ల ఫొటో గోడకు మాత్రమే.

వెలుగునీడ:
నీలికొండ గారూ, "గోడకు మాత్రమే" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. రెక్క నరాలన్నీ స్పష్టంగా ఉండి, చూసిన మరుక్షణం మరిచిపోయే ఫొటోలు వేలకొద్దీ ఉన్నాయి. విషయం తెలిసినంత మాత్రాన చూపు రాదు. శాస్త్రం చదివిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు ఎదురయ్యే కష్టమే ఇది. అన్నీ సరిగ్గా ఉంటాయి, ఏదీ కదిలించదు.

నీలికొండ:
నిజమే మేడమ్, ఆ మాట కాదనను. కానీ ఏది ముందు అన్నదే ప్రశ్న. హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రికల్ ఇంజినీరు. క్షణంలో మెరిసి ఆరిపోయే స్ట్రోబ్ దీపం మీద పనిచేస్తూ, పాలచుక్క పడినప్పుడు కిరీటంలా లేచే క్షణాన్ని పట్టుకున్నాడు. ఆ ఫొటో ఇప్పుడు ఆర్టు మ్యూజియాల్లో ఉంది. ఆ క్షణం ఉందని ఊహించగలిగే మనిషికే దాన్ని పట్టే పరికరం చేసుకోవాలని తోస్తుంది. చూపును తర్వాత కూడా సానబెట్టుకోవచ్చు. ముప్పయ్యేళ్ల వయసులో కీటకశాస్త్రం మొదలుపెట్టడం కష్టం.

వెలుగునీడ:
ముప్పయ్యేళ్లకు తన పని మీద విమర్శ వినడం మొదలుపెట్టడం అంతకన్నా కష్టం. అప్పటికి అహం గట్టిపడి ఉంటుంది. అందుకే అంటున్నాను, జీవశాస్త్రం తీసుకుంటే తీసుకోనీ, కానీ ఆ బల్ల, ఆ పదిమంది ఎక్కడో ఒకచోట ఉండాలి. ఫొటోగ్రఫీని రెండో సబ్జెక్టుగా తీసుకోనిచ్చే కాలేజీలున్నాయి. అది కుదరకపోతే, నెలకోసారి ప్రింట్లు తీసుకుని కలిసే నలుగురైదుగురు మిత్రులు కావాలి. స్క్రీను మీద కాదు, ప్రింట్లే.

ముడిఫైలు:
నాది ఆసుపత్రిలో ఉద్యోగం. గాయాలు, చర్మవ్యాధులు, ఆపరేషన్‌కు ముందు వెనక ఫొటోలు తీస్తాను. ఇలాంటి పని ఒకటుందని చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను.
రాత్రిపక్షి అన్నకు సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు, నన్ను ఇంటర్వ్యూకి పిలవకముందే అడిగారు. ఆసుపత్రులు, పోలీసు ఫోరెన్సిక్ విభాగాలు, మ్యూజియాలు, పరిశోధన సంస్థలు, విశ్వవిద్యాలయాలు... నెలజీతం ఇచ్చే ఫొటో ఉద్యోగాలు చాలావరకూ ఇలాంటి చోట్లే ఉంటాయి, అక్కడ దరఖాస్తులో డిగ్రీ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోదు. కాలేజీలో పాఠాలు చెప్పాలంటే మాస్టర్స్ అడుగుతారు. వేరే దేశంలో పని వీసాకూ డిగ్రీ అడిగే చోట్లున్నాయి.
పని ఎలా ఉంటుందంటే, ఒక గాయాన్ని తీయాలంటే మొదట శరీరంలో అది ఎక్కడుందో తెలిసేలా దూరం నుంచి, తర్వాత మధ్య దూరం నుంచి, చివర దగ్గర్నుంచి. దగ్గర ఫొటో స్కేలు లేకుండా ఒకటి, స్కేలు పెట్టి ఒకటి. స్కేలు గాయం ఉన్న తలంలోనే ఉండాలి, కెమెరా దానికి నిటారుగా ఉండాలి. కొంచెం వాలినా కొలత తప్పు వస్తుంది. రంగుల చార్టు పెడతాం, ఎందుకంటే ఎరుపు ఎంత తగ్గిందన్నది వచ్చే నెల డాక్టరు నా రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసి చెబుతారు. లైటు మార్చానంటే రోగం తగ్గినట్టు కనబడొచ్చు. ఫొటో తీసేముందు రోగి రాతపూర్వక అంగీకారం ఉండాలి. ఇందులో కళ ఏముందని కొందరంటారు. భయపడుతున్న మనిషికి గౌరవం తగ్గకుండా ఒంటి మీద బట్ట ఎంతవరకు పక్కకు జరపాలో, ఏం మాట్లాడాలో తెలియడం ఈ పనిలో సగం.
చిగురూ, జీవశాస్త్రం చదివితే ఈ తలుపు కూడా తెరిచే ఉంటుంది.

పద్దుపుస్తకం:
వాళ్ల నాన్నగారి మాట ఎవరూ పట్టించుకోలేదేం? ఫొటోగ్రాఫర్లకు లెక్కలు, పన్నులు, ఒప్పందాలు చూసిపెట్టడమే నా పని. ప్రతిభ లేక ఈ రంగం వదిలేసినవాళ్ల కంటే, డబ్బు అడగడం చేతకాక వదిలేసినవాళ్లనే ఎక్కువ చూశాను.
ఈ రంగంలో చాలామంది సొంతంగా పనిచేసేవాళ్లే. ఫొటో తీసే రోజుకన్నా ఉత్తరాలు రాసే రోజు, ఫైళ్లు సర్దే రోజు, బిల్లు కోసం తిరిగే రోజు ఎక్కువ. ఆ రోజులన్నిటి ఖర్చూ ఫొటో తీసే రోజు ధరలో రావాలి. కెమెరా ఏటికేడు పాతబడుతుంది, దాని తరుగుదల కూడా అందులోనే.
కాపీరైట్ సంగతి మరీ ముఖ్యం. మామూలుగా ఫొటో తీసినవారిదే హక్కు. ఉద్యోగిగా తీస్తే చాలా దేశాల్లో సంస్థది. డబ్బిచ్చి తీయించుకున్నవారికే హక్కు వెళ్లే చట్టాలూ ఉన్నాయి. కాబట్టి కాగితం మీద రాసుకోకుండా పని మొదలుపెట్టకూడదు. హక్కు అమ్మడం వేరు, వాడుకోవడానికి అనుమతి ఇవ్వడం వేరు. ఎక్కడ, ఎంతకాలం, దేనికోసం వాడతారో రాయించుకుంటే అదే ఫొటో మళ్లీ మళ్లీ సంపాదించి పెడుతుంది. ఫొటోగ్రాఫర్ హక్కులకు చట్టాల్లో ఎంత చిన్నచూపు ఉండేదో చెబుతాను. కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం పుస్తకానికి, బొమ్మకు రచయిత జీవితకాలం, ఆపైన కనీసం 50 ఏళ్ల రక్షణ. ఫొటోకు మాత్రం తీసిన నాటి నుంచి 25 ఏళ్లు ఇస్తే చాలు. 1996లో డబ్ల్యూఐపీఓ (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) కాపీరైట్ ఒప్పందం వచ్చాక గానీ ఆ తేడాను తీసేయలేదు.
ఇంతా చెప్పి, కామర్స్ డిగ్రీ చేయమని మాత్రం అనను. మూడేళ్లు అక్కర్లేదు. ఖాతాలు, పన్నులు, ఒప్పందాలు, ఈ మూడింటికీ ఏ కాలేజీలోనైనా రెండు మూడు పేపర్లు ఉంటాయి. అవి తీసుకుంటే నాన్నగారి మాటా నిలబడుతుంది.

చిన్నమేఘం:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేనూ ఇదే ఆలోచనలో ఉన్నాను. మాటల్లో చెబితే బొమ్మలు చేసిచ్చే ఏఐ వచ్చాక అసలు ఈ రంగంలోకి రావడం తెలివైన పనేనా?

స్టూడియోమనిషి:
బాబూ, నా వైపు పనిలో దాని దెబ్బ తగులుతోంది. తెల్లటి నేపథ్యం మీద సాదా సీసా ఫొటో, కేటలాగు ఫొటో, ఎవరిదో తెలియని నవ్వు ముఖం, ఇలాంటివాటికి పిలుపులు తగ్గుతున్నాయి. డిగ్రీ ఎంచుకునేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఎలా? సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పే కోర్సు మాత్రం తీసుకోవద్దు, చదువు పూర్తయ్యేలోపే ఆ బటన్లు మారిపోతాయి.

ముడిఫైలు:
నా పనిలో, ఆ గాయం ఆ రోజు అలాగే ఉందనడానికి ఫొటో సాక్ష్యం. కెమెరా నుంచి వచ్చిన ముడి ఫైలును అలాగే భద్రపరుస్తాం. చేసిపెట్టిన బొమ్మతో అక్కడ పని జరగదు. వార్తలైనా, శాస్త్రమైనా, కోర్టైనా అంతే.

నీలికొండ:
తూనీగ విషయంలోనూ అంతే. ఆ జాతి ఆ చెరువు దగ్గర ఫలానా నెలలో ఉందని చెప్పేది ఫొటో, దానితోపాటు తేదీ, చోటు. అక్కడికి వెళ్లి నిలబడిన మనిషే ఇవ్వగలడు.

రాత్రిపక్షి:
చెల్లీ, ఏ డిగ్రీలో చేరినా ఒకటి మాత్రం విను. సెలవుల్లో ఎవరి దగ్గరైనా అసిస్టెంటుగా పని చెయ్యి. నా దగ్గరికి వచ్చే పిల్లలు కెమెరా పట్టుకోవాలని తొందరపడతారు. స్టాండు మీద ఇసుకసంచీ వేయడం, బ్యాటరీలు మార్చడం, మెమొరీ కార్డు రెండు చోట్ల కాపీ అయిందో లేదో చూశాకే ఫార్మాట్ చేయడం, వెనక్కి నిలబడి మనుషులు ఎప్పుడు కెమెరాను మరిచిపోతారో గమనించడం... ఇవి వచ్చినవాళ్లకే మళ్లీ కబురు పెడతాను. మీ ఇరవైలో చేతిపనివాళ్ల ఫొటోలు నాలుగున్నాయన్నావు. ముఖాలు లేవన్నావు గానీ, పురుగును చూసినట్టే చేతుల్ని చూస్తున్నావేమో. అది వదలకు.

కొత్తచిగురు:
అన్నా, మీరు చెప్పాక ఆ నాలుగూ మళ్లీ చూశాను. నిజమే, అన్నీ వేళ్ల దగ్గరే ఉన్నాయి.
అమ్మానాన్నలకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. జీవశాస్త్రం మెయిన్, ఫొటోగ్రఫీ రెండో సబ్జెక్టు, ఖాతాల పేపర్లు ఉన్నచోట తీసుకోవడం, ఇంతవరకూ ముగ్గురం ఒప్పుకున్నాం. ఇలా కుదిరే కాలేజీలు రెండు కనబడ్డాయి. ఒకదాని స్టూడియో చాలా పెద్దది, బ్రోచరు నిండా ఖరీదైన కెమెరాలే. రెండోదాంట్లో స్టూడియో చిన్నది. చూడ్డానికి వెళ్తున్నాం. అక్కడ ఏం అడగాలి?

వెలుగునీడ:
బ్రోచరులో కెమెరాలు పక్కన పెట్టు. చివరి ఏడాది పిల్లల ఫొటోలు చూపించమను. అన్నీ ఒకేలా ఉంటే, అక్కడ ఒకే గురువు రుచి అందరి మీదా రుద్దుతున్నారని అర్థం. ఒక్కొక్కరివి ఒక్కోలా ఉన్నాయంటే మంచి చోటు. విమర్శ క్లాసు వారానికి ఎన్ని గంటలు, ఒక్కో బ్యాచిలో ఎంతమంది, అడుగు. ఇరవై దాటితే నీ వంతు రాదు. రెండో సబ్జెక్టు పిల్లలకు స్టూడియో తాళం ఇస్తారా, లేక మెయిన్ వాళ్లకేనా? చాలాచోట్ల మోసపోయేది ఇక్కడే. పాఠాలు చెప్పేవాళ్లు ఇప్పటికీ బయట పనిచేస్తున్నారా?

పద్దుపుస్తకం:
ఐదేళ్ల కిందట అక్కడ చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారని అడగమ్మా. గొప్పగా వెలిగిన ఒకరిద్దరి పేర్లు చెబుతారు. ఆ బ్యాచిలో మిగతావాళ్ల సంగతి అడుగు. విద్యార్థులు తీసిన ఫొటోల హక్కు ఎవరిదో కాలేజీ నిబంధనల్లో చదివాకే సంతకం పెట్టు.

నీలికొండ:
జీవశాస్త్ర విభాగంలో స్టీరియో మైక్రోస్కోపుకు కెమెరా తగిలించి ఉందా అని చూడు. కీటకాల నమూనాల సేకరణ ఉంటే దాన్ని చూసుకునేవారిని కలిసి, ఫొటోలు తీసిపెడతానని అడుగు. సాధారణంగా కాదనరు, ఎందుకంటే అక్కడ తీసేవాళ్లే ఉండరు. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫొటోలను కలిపి ఒకటి చేసే ఫోకస్ స్టాకింగ్ నేర్చుకోవడానికి కదలని పురుగును మించింది లేదు. ఆ రెండు కాలేజీల్లో నీటి గుంట ఉన్నది ఏదో అది కూడా చూసి వచ్చి ఇక్కడ రాయి.